‘ఎండ్’ అన్న ఇంగ్లీషు మాటకు తగిన పర్యాయపదం ఎంచుకోవడం ఎలా?

విజయవాడ గవర్నర్‌పేటలో నేను అనువాదాలు చేసుకునే గదికి అద్దె ఒప్పందాలు, ఉద్యోగ ప్రకటనలు, చేనేత ఆర్డర్లు, కాలువ నీటి కోసం రైతులు పెట్టుకునే అర్జీలు వస్తుంటాయి. వాటిలో ‘ఎండ్’ అన్న మాట గానీ, దాని దాయాదులైన ‘ఫినిష్’, ‘క్లోజింగ్’, ‘కంప్లీషన్’, ‘కన్‌క్లూజన్’, ‘టెర్మినేషన్’, ‘ఎక్స్‌పైరీ’లలో ఒకటి గానీ లేని కాగితం అరుదు. తెలుగులోకి తెచ్చేటప్పుడు చాలామంది వీటన్నిటికీ ‘ముగింపు’ అని రాసి ఊరుకుంటారు. తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు అన్నిటికీ ‘ఎండ్’ అంటారు. పైకి చూస్తే తప్పేమీ కనిపించదు గనుక దిద్దేవారూ ఉండరు. చదివేవారు మాత్రం ఎక్కడో ఒకచోట తడబడతారు, ఒక్కోసారి డబ్బు కూడా పోగొట్టుకుంటారు. ఈ మాటల్లో ఎక్కడ ఏది వాడాలో తేల్చుకోవడానికి నేను పాటించే వరుసను కింద రాస్తున్నాను. మీరు ఆఫీసు ఉత్తరాలు రాసేవారైనా, పోటీ పరీక్షలకు చదువుకునేవారైనా ఇదే వరుసలో వెళ్లవచ్చు.

ముందు, ఏది ముగిసిందో రాసుకోండి

బడిలో మనం పర్యాయపదాలను మార్కుల కోసం నేర్చుకున్నాం. ‘ముగింపు’ పక్కన అంతం, సమాప్తి, తుది, కొస అని నాలుగు మాటలు రాస్తే మార్కు పడేది; ఆ నాలుగూ ఒకదాని చోట ఒకటి ఇముడుతాయా అని మనమూ అడగలేదు, మాస్టారూ చెప్పలేదు. నిజానికి ఇమడవు. తాడుకు కొస ఉంటుంది గాని సమాప్తి ఉండదు. వ్రతానికి సమాప్తి ఉంటుంది గాని కొస ఉండదు. ఇంగ్లీషులోనూ ఇంతే. పీటర్ మార్క్ రోజెట్ అనే వైద్యుడు 1852లో ప్రచురించిన పర్యాయపద కోశంలో మాటలను భావాలవారీగా గుంపులు కట్టి పెట్టాడు. ఒకే గుంపులో ఉన్నంత మాత్రాన ఏ మాటనైనా ఎక్కడైనా వాడుకోవచ్చని దాని ఉద్దేశం కాదు. విచిత్రంగా అదే 1852లో మద్రాసులో సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. మొదటి రకం పుస్తకం మాటల చుట్టరికాన్ని చూపిస్తుంది, రెండో రకం మాట అర్థాన్ని చెబుతుంది. రెండూ తెరవవలసినవే గాని, తెరవడానికి ముందు ఒక చిత్తుకాగితం మీద ముగిసినది ఏమిటో ఒక్క మాటలో రాసుకోండి: చోటా, కాలమా, ఒప్పందమా, కొట్టా, పనా, ప్రసంగమా, మనిషా? అది రాసుకున్నారంటే పర్యాయపదాల్లో సగం వాటంతట అవే పక్కకు తప్పుకుంటాయి.

చోటు అయితే: కొస, చివర, శివారు

ప్రకాశం బ్యారేజీని తీసుకోండి. 1957లో పూర్తయిన ఈ బ్యారేజీ పొడవు సుమారు 1,223 మీటర్లు. దీని ఒక కొస విజయవాడలో ఇంద్రకీలాద్రి దాపున ఉంటుంది, రెండో కొస సీతానగరంలో ఉంటుంది. ఇంగ్లీషులో ఈ రెండు కొసలూ ‘ఎండ్’లే, ‘ఎట్ ఈదర్ ఎండ్ ఆఫ్ ది బ్యారేజ్’ అంటే రెండు కొసల్లోనూ అని అర్థం. సీతానగరం కొస విజయవాడ నుంచి నడిచేవారికి చివర, అటునుంచి వచ్చేవారికి మొదలు. అంటే చోటుకు సంబంధించిన ‘ఎండ్’లో ముగిసిపోవడమన్న భావమే లేదు. అందుకే ‘బ్యారేజీ ముగింపు వద్ద వాహనాలను ఆపారు’ అని రాస్తే వాక్యం ఎబ్బెట్టుగా ఉంటుంది; ‘బ్యారేజీ అవతలి కొసన’ అని రాయాలి. క్రికెట్ చూసేవారికి ఈ తేడా ఎవరూ చెప్పనక్కరలేదు. ఓవరు అయిపోగానే బౌలింగ్ రెండో ఎండ్‌కు మారుతుంది, ఆట మాత్రం సాగుతూనే ఉంటుంది.

కర్ర, తాడు, వంతెన వంటి పొడుగాటి వాటికి ‘కొస’ బాగా నప్పుతుంది. వీధికీ, వరుసకూ ‘చివర’ నప్పుతుంది. గుంటూరు బ్రాడీపేటలో వీధులను లైన్లుగా, అడ్డరోడ్లుగా లెక్కపెడతారు గనుక, ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన చుట్టానికి ‘నాలుగో లైను చివర’ అని చెబితే చాలు. ‘నాలుగో లైను అంతంలో’ అంటే అతను ఫోను పెట్టేసి నవ్వుకుంటాడు. మాటల్లో మనం ‘లైన్ లాస్ట్‌లో మా ఇల్లు’ అంటాం. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఇది కుదరదు, ఎందుకంటే ఆ భాషలో ‘లాస్ట్’ సాధారణంగా విశేషణంగా వస్తుంది, తన పక్కన ఒక వస్తువు పేరును కోరుకుంటుంది. కాబట్టి ‘ది లాస్ట్ హౌస్ ఇన్ ది లైన్’ అనండి, లేకపోతే ‘ఎట్ ది ఎండ్ ఆఫ్ ది లైన్’ అనండి.

కృష్ణా డెల్టాలో కాలువ నీరు అన్నిటికంటే ఆలస్యంగా చేరే పొలాలను శివారు భూములంటారు. నీటిపారుదల నివేదికల్లో వాటినే ‘టెయిల్ ఎండ్’ అని రాస్తారు. ‘తోక చివరి భూములు’ అని ఎవరో అనువదించిన అర్జీ ఒకటి నా దగ్గరికి దిద్దడానికి వచ్చింది. ఎండిపోతున్న చేను గట్టున నిలబడి, మా పొలానికి తోక ఎక్కడుందిరా అని రైతు వెతుక్కోవాలన్నమాట. శివారు అన్న మాట ఆ ప్రాంతంలో పిల్లలకు కూడా తెలుసు, అధికారులకూ తెలుసు. తెలిసిన మాట ఉండగా కొత్తది కల్పించవద్దు.

నది విషయంలో ఇంగ్లీషు వాళ్లు ‘ఎండ్’ను దగ్గరికి రానివ్వరు. మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ చోటును వాళ్లు నదికి ‘మౌత్’ అంటారు, మనం సాగరసంగమం అంటాం. బస్సుకూ రైలుకూ ‘టెర్మినస్’ ఉంటుంది. అది లాటిన్‌లో సరిహద్దు రాయి పేరు. ఆ రాళ్లను కాపాడే రోమన్ దేవుడి పేరూ అదే. మన బస్సులో కండక్టరు అనే ‘ఇదే ఆఖరండీ, అందరూ దిగాలి’ అన్న మాటకు ‘లాస్ట్ స్టాప్’ సరిపోతుంది.

ఇక ఫోనులోనూ ఈ-మెయిల్లోనూ కనిపించే ‘ఫ్రమ్ అవర్ ఎండ్’ కూడా చోటుకు సంబంధించినదే. తీగకు రెండు కొసలున్నట్టు సంభాషణకూ రెండు కొసలుంటాయి. దాన్ని ‘మా వైపు నుంచి’ అని తెలుగు చేస్తే చాలు.

కాలం అయితే: చివర, చివరికి, లోగా

ఇంగ్లీషులో ‘ఎండ్’కు ముందు వచ్చే చిన్న మాట అర్థాన్ని పూర్తిగా మార్చేస్తుంది. ‘ఎట్ ది ఎండ్’, ‘ఇన్ ది ఎండ్’, ‘బై ది ఎండ్’ అన్న మూడింటి దగ్గర మన విద్యార్థులు ఎక్కువగా పొరపడతారు. ఇక్కడ తెలుగు మీకు అడ్డం రాదు సరికదా, దారి చూపిస్తుంది. ‘సినిమా చివర తండ్రీకొడుకులు కలుసుకుంటారు’ అన్నప్పుడు ‘చివర’ ఒక స్థానం. అది ‘ఎట్ ది ఎండ్ ఆఫ్ ది మూవీ’. ‘పది సంబంధాలు చూసి చివరికి మేనమామ కొడుకునే చేసుకుంది’ అన్నప్పుడు ‘చివరికి’ అంటే ఇన్ని జరిగాక తేలినది. అది ‘ఇన్ ది ఎండ్’. ‘నెలాఖరులోగా ఫీజు కట్టాలి’ అన్నప్పుడు ‘లోగా’ గడువును చెబుతుంది. అది ‘బై ది ఎండ్ ఆఫ్ ది మంత్’. మీ మనసులోని తెలుగు వాక్యంలో ఈ మూడింటిలో ఏది ఉందో చూసుకుంటే ఇంగ్లీషు మాట దొరికిపోతుంది. ‘ఎట్ ది ఎండ్’ తర్వాత దేని చివరో చెప్పడానికి మామూలుగా ‘ఆఫ్’ వస్తుందనీ, ‘చివరికి’ అన్న అర్థంలోని ‘ఇన్ ది ఎండ్’ తర్వాత రాదనీ గుర్తు పెట్టుకోండి. వీటికి తోడు ‘ఎట్ లాస్ట్’ ఒకటుంది. అది మన ‘ఎట్టకేలకు’. చాలాకాలం ఎదురుచూసిన తర్వాత జరిగినదానికే దాన్ని వాడాలి, కాబట్టి ‘ఎట్టకేలకు ఆయన జబ్బుపడ్డారు’ అని తెలుగులో ఎలా అనమో, అక్కడ ‘ఎట్ లాస్ట్’ కూడా అలాగే అనకూడదు.

నెల+ఆఖరు కలిసి నెలాఖరు అయింది. ‘ఆఖరు’ అరబ్బీ మాట అయినా మన ఇంట్లో పుట్టినట్టే తిరుగుతోంది. వారానికి మాత్రం వారాంతం అంటాం, వారాఖరు అనం. దీనికి కారణం వెతకవద్దు, వాడుకే కారణం. మార్చి 31ని మన వ్యాపారస్తులు ‘ఇయర్ ఎండింగ్’ అంటారు. ఉత్తరంలో ‘ఇయర్ ఎండ్’ అని రాయండి. ‘మార్చి 31తో ముగిసే సంవత్సరానికి’ అని తేదీ చేర్చి చెప్పేటప్పుడు ‘ఇయర్ ఎండింగ్’ సరైనదే. అది కాక నామవాచకంగా ‘ఎండింగ్’ ఎక్కువగా కథకూ, సినిమాకూ, పదం చివరి అక్షరాలకూ వాడతారు. సుఖాంతం ‘హ్యాపీ ఎండింగ్’, విషాదాంతం ‘శాడ్ ఎండింగ్’.

‘ది వెరీ ఎండ్’ అని కనబడితే భయపడవద్దు. పదో తరగతిలో చదువుకున్న ద్విరుక్తటకార సంధి ఇక్కడ పనికొస్తుంది: చివర+చివర చిట్టచివర, తుద+తుద తుట్టతుద, కడ+కడ కట్టకడ. ఇన్నేళ్లకు ఆ సంధికి ఒక ఉపయోగం దొరికినందుకు నాకు సంతోషంగా ఉంటుంది.

దరఖాస్తుకు ‘ఆఖరు తేదీ’ని మనం ‘లాస్ట్ డేట్’ అంటాం, దేశంలో ఎక్కడైనా అర్థమవుతుంది. విదేశాలకు పంపే కాగితమైతే ‘క్లోజింగ్ డేట్’ అనో ‘డెడ్‌లైన్’ అనో రాయండి. అమెరికా అంతర్యుద్ధకాలంలో, 1864 ప్రాంతంలో, ఆండర్సన్‌విల్ యుద్ధఖైదీల శిబిరంలో ఒక హద్దు గీశారు. దాన్ని దాటిన ఖైదీని కావలివాళ్లు కాల్చేసేవారు. ఆ హద్దు పేరు ‘డెడ్‌లైన్’. గడువు అన్న అర్థం తర్వాతి కాలంలో వచ్చింది.

ఒప్పందం అయితే: తానుగా ముగిసిందా, ఎవరైనా ముగించారా?

ఈ ప్రశ్న విలువ నాకు నా తప్పు వల్లనే తెలిసింది. ఒకసారి వన్‌టౌన్‌లో ఒక గోదాము అద్దె ఒప్పందానికి తెలుగు ప్రతి తయారు చేశాను. ఇంగ్లీషు ప్రతిలో రెండు వేర్వేరు షరతులు ఉన్నాయి. మొదటిది ‘ఎక్స్‌పైరీ’: 11 నెలలు నిండాక అడ్వాన్సు మొత్తం తిరిగి ఇవ్వాలి. రెండోది ‘టెర్మినేషన్’: అద్దెదారు మధ్యలోనే వదులుకుంటే అడ్వాన్సులో ఒక నెల అద్దె మినహాయించుకోవచ్చు. నేను తొందరలో రెండు చోట్లా ‘ఒప్పందం ముగింపు’ అనే రాశాను. పదకొండు నెలలూ ఉండి, చెప్పిన రోజుకు ఖాళీ చేసిన అద్దెదారుకు యజమాని ఒక నెల అద్దె తగ్గించి ఇచ్చాడు. ముగింపు అయితే తగ్గించుకోవచ్చని ఇందులో ఉంది కదా అని నా తెలుగు ప్రతినే చూపించాడు. ఇద్దరూ నా గదికి వచ్చి చెరో కుర్చీలో కూర్చున్నారు. అద్దెదారు ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, ముగింపు అన్న మాట మీద వేలు ఉంచి, ‘ఇది ముగిసిందాండీ, నేను ముగించానాండీ? మీరే చెప్పండి మాస్టారూ’ అన్నాడు. నేను పాతికేళ్లుగా చదువుకున్న వ్యాకరణం అంతా ఆ ప్రశ్నలో ఉంది. ఇంగ్లీషు ప్రతి తీసి చదివి వినిపించాక యజమాని మిగతా డబ్బు ఇచ్చాడు గాని, వెళ్తూ వెళ్తూ నా వైపు చూసిన చూపు మరిచిపోలేదు.

ఇంగ్లీషులో ‘ఎండ్’ అన్న క్రియ రెండు పనులూ చేస్తుంది: ‘ది లీజ్ ఎండెడ్’ అనవచ్చు, ‘హీ ఎండెడ్ ది లీజ్’ అనీ అనవచ్చు. తెలుగులో ముగియు-ముగించు, తీరు-తీర్చు, ఆగు-ఆపు అని జంటలు విడివిడిగా ఉన్నాయి, కనుక క్రియతో చెప్పినంతసేపూ మనకు గందరగోళం లేదు. ‘ముగింపు’ అని నామవాచకం చేసిన క్షణంలో ఆ తేడా చెరిగిపోతుంది. అందుచేత ఒప్పంద పత్రాల్లో ‘ముగింపు’ను నేను పూర్తిగా మానేశాను. ‘ఎక్స్‌పైరీ’కి ‘గడువు తీరడం’ అని రాయండి. లాటిన్ మూలంలో ఆ మాటకు ఊపిరి వదలడం అని అర్థం, అంటే ఎవరూ పీక నొక్కకుండా తానుగా ఆగినది. ‘టెర్మినేషన్’కు ‘గడువుకు ముందే రద్దు చేయడం’ అని, ఎవరు రద్దు చేస్తారో కూడా చేర్చి రాయండి. ఉద్యోగి విషయంలో ‘టెర్మినేషన్’ తొలగింపు, ‘రిటైర్‌మెంట్’ పదవీ విరమణ, ‘రెజిగ్నేషన్’ రాజీనామా. మూడింటితోనూ ఉద్యోగం ముగుస్తుంది గాని, ఎవరు ముగించారన్నది మూడింటిలోనూ వేరు. వార్తాపత్రికల్లో ‘పదవికి ఉద్వాసన’ అని చదువుతుంటారు. పూజ ముగిశాక కలశాన్ని కదిపి దేవతను సాగనంపే తంతు ఉద్వాసన. వార్తలో అది చమత్కారంగా ఉంటుంది గాని, తొలగింపు ఉత్తర్వులో రాస్తే వెక్కిరింపు అవుతుంది.

ఇలా మాట కోసం పట్టుబడితే కొందరు కక్షిదారులు విసుక్కుంటారు. అంత్యనిష్ఠూరం కన్నా ఆదినిష్ఠూరం మేలని వాళ్లకు చెబుతుంటాను.

కొట్టు అయితే

రాత్రి బీసెంట్ రోడ్డులో కొట్టు కట్టేశారంటే మళ్లీ పొద్దున తెరుస్తారు; దీనికి ‘క్లోజ్డ్ ఫర్ ది డే’ అనాలి, ఆ వేళకు ‘క్లోజింగ్ టైమ్’ అనాలి. మరమ్మతులకని నాలుగు రోజులు మూస్తే ‘టెంపరరీ క్లోజర్’. బేరాలు లేక కొట్టు ఎత్తేస్తే ‘క్లోజ్డ్ డౌన్’. మిల్లు అయితే మూతపడుతుంది. అప్పులవాళ్లకు చెప్పకుండా బోర్డు తిప్పేసిన వాడి సంగతికి ‘ఎండ్’ కుటుంబంలో నాకు ఇంతవరకు సరైన మాట దొరకలేదు. వీటిలో ఏ ఒక్కదానికీ ‘షాప్ ఎండెడ్’ అని రాయకూడదు.

పని అయితే: ఆగిందా, పూర్తయిందా?

ఇంటి నిర్మాణం నిధులు లేక ఆగితే ‘స్టాప్’, పైకప్పు పడి రంగులు కూడా వేస్తే ‘ఫినిష్’ లేదా ‘కంప్లీట్’. ‘ఎండ్’లో పని నెరవేరిందా లేదా అన్న సమాచారం లేదు, అందుకే కట్టడం పూర్తయినట్టు ఇచ్చే కాగితం ‘కంప్లీషన్ సర్టిఫికెట్’ అయింది. ‘కంప్లీషన్’లో లోటు లేకుండా నిండడం అన్న భావం ఉంటుంది, మన ‘పూర్తి’లోనూ అదే ఉంది. ఇక మొక్కుబడిగా చేసి వదిలించుకోవడాన్ని ‘మమ అనిపించడం’ అంటాం. ఇంగ్లీషులో దానికి దగ్గరగా ‘గెట్ ఇట్ ఓవర్ విత్’ ఉంది. సినిమా షూటింగ్ పూర్తయితే గుమ్మడికాయ కొడతారు. ఇంగ్లీషు పత్రికకు ఆ వార్త రాసేటప్పుడు గుమ్మడికాయను మోసుకెళ్లక్కరలేదు, ‘షూటింగ్ ఈజ్ కంప్లీట్’ అనండి.

మన కాలేజీల్లో వినిపించే ‘ఎగ్జామ్ గాట్ ఓవర్’ అన్నది ఇక్కడి ఇంగ్లీషు. తప్పని ఎవరినీ ఆట పట్టించవద్దు గాని, ఇంటర్వ్యూలో ‘ది ఎగ్జామ్ ఈజ్ ఓవర్’ అనండి. ‘భోజనం అయిందా?’ అని అడగదలిస్తే ‘లంచ్ ఓవర్?’ అనే బదులు ‘హావ్ యూ హాడ్ లంచ్?’ అనండి. భోజనం ముగిసిందా అని మనం నిజంగా అడగడం లేదు, తిన్నారా లేదా అని కనుక్కుంటున్నాం.

ప్రసంగం, వ్యాసం అయితే

‘కన్‌క్లూజన్’కు రెండు అర్థాలున్నాయి, రెండిటికీ తెలుగు మాటలు వేరు. వ్యాసంలో చివరి భాగం అయితే ముగింపు, శాస్త్రగ్రంథమైతే ఉపసంహారం. ఆధారాలు చూసి తేల్చిన విషయం అయితే నిర్ధారణ. విచారణ నివేదికలో ‘కన్‌క్లూజన్స్’ అన్న శీర్షికను ‘ముగింపులు’ అని రాస్తే చదివేవారికి ఏమీ అందదు. ‘జంప్ టు కన్‌క్లూజన్స్’ అంటే వెనకాముందూ చూడకుండా తీర్మానించేయడం.

తెలుగులో సభకూ పాటకూ సంబంధించిన ముగింపు మాటలు చాలా అందమైనవి, అందుకే జాగ్రత్త కావాలి. కచేరీ చివర, హరికథ చివర మంగళం పాడతారు. అక్కడ అది శుభమైన మాట. వాడుకలోకి వచ్చేసరికి ‘పథకానికి మంగళం పాడారు’ అంటే దాన్ని ఎత్తేశారని. కాబట్టి సవ్యంగా జరిగిన వార్షికోత్సవం గురించి ‘కార్యక్రమానికి మంగళం పాడారు’ అని రాస్తే నిర్వాహకులు ఫోను చేస్తారు. ‘వందన సమర్పణతో సభ ముగిసింది’ అని రాయండి. సంస్కృత నాటకం చివర చెప్పే శుభాకాంక్ష భరతవాక్యం. దాన్ని కూడా వాడుకలో ఆపేయడం అన్న అర్థంలోకి లాక్కొచ్చారు. ‘స్వస్తి చెప్పడం’ కూడా అంతే. మృదంగం నుంచి వచ్చిన ‘ముక్తాయింపు’ మాత్రం ఇంకా మర్యాదగానే ఉంది, ప్రసంగం చివరి మాటలకు హాయిగా వాడుకోవచ్చు. కథ చివర్లో తళుక్కుమనే మలుపుకు కొసమెరుపు.

ఇల్లూ మనిషీ అయితే

మా అమ్మ బియ్యం అయిపోయాయని ఒక్కనాడూ అనలేదు. డబ్బా అడుగు కనిపిస్తున్నా ‘బియ్యం నిండుకున్నాయి’ అనేది. దీపం ఆరిపోలేదు, కొండెక్కింది. ఇంట్లో వాటికి అయిపోవడం, ఆరిపోవడం అన్న మాటలు తగలకూడదని పెద్దల పట్టింపు. ఇంగ్లీషుకు ఈ పట్టింపు లేదు: సరుకులకు ‘రన్ అవుట్’, దీపానికి ‘గో అవుట్’. ‘వీ హావ్ రన్ అవుట్ ఆఫ్ రైస్’ అనాలి, ‘రైస్ ఈజ్ ఎండెడ్’ అనకూడదు.

మరణం విషయంలో మన ఊళ్లలో ‘ఎక్స్‌పైర్ అయ్యారు’ అన్నది ఆసుపత్రుల నుంచి ఇళ్లదాకా పాకింది. ఇంగ్లీషులో మనుషులకు ఆ మాట వాడకపోలేదు గాని, ఇతర దేశాల్లో చదివేవారికి ముందుగా పాల ప్యాకెట్టు, పాస్‌పోర్టు గుర్తొస్తాయి. సంతాప సందేశంలో ‘పాస్డ్ అవే’ అని రాయండి. ఔపచారికంగా ఉండాలంటే ‘డిమైజ్’ ఉంది. తెలుగులో కన్నుమూశారు, కాలం చేశారు, పరమపదించారు అన్నవాటిలో ఆ కుటుంబం వాడే మాటనే వాడండి. ‘అంతం’ను ఈ దరిదాపులకు రానివ్వవద్దు, ‘అంతం చేశారు’ అంటే చంపారని అర్థం. సభలకూ ఉత్సవాలకూ ‘అంతమయ్యాయి’ అన్నది నప్పకపోవడానికి కూడా ఆ నీడే కారణం.

‘ఎండ్’ అని ఉన్నా ముగియనివి

ఇవి నిఘంటువులో కాకుండా నుడికారంలో దొరుకుతాయి. ‘మేక్ ఎండ్స్ మీట్’ అంటే పూట గడుపుకోవడం. ‘ఆడ్స్ అండ్ ఎండ్స్’ చిల్లరమల్లర సామాను. ‘లూజ్ ఎండ్స్’ తేలకుండా మిగిలిన చిన్న చిన్న పనులు. ‘ఫర్ అవర్స్ ఆన్ ఎండ్’ అంటే గంటల తరబడి, అంటే ముగియకుండా. ‘డెడ్ ఎండ్’ అని సందు మొదట్లో ఉంటే ముందుకు దారి లేదని. ‘ఎండ్స్ అండ్ మీన్స్’ అన్న జంటలో ‘ఎండ్’ అంటే లక్ష్యం, ‘మీన్స్’ అంటే సాధనం. ‘యాన్ ఎండ్ ఇన్ ఇట్‌సెల్ఫ్’ అంటే తానే లక్ష్యమైనది, మరి దేనికోసమో చేసేది కాదు.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచినది మంగళగిరి చీరల ఆర్డరు ఒకటి. విజయవాడకూ గుంటూరుకూ మధ్యనున్న ఆ ఊరి నేతకు వచ్చిన ఇంగ్లీషు వివరాల్లో ‘ఎండ్స్ పర్ ఇంచ్’ అని ఉంది. ‘అంగుళానికి చివరలు’ అని ఎవరో రాసి ఇస్తే, నేత నేసే పెద్దాయన కళ్లద్దాలు పైకి నెట్టుకుని ఆ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. ‘చివరలు రెండే కదండీ, అంగుళానికి ఎన్నని వేయమంటారు?’ అన్నాడు. నేతపనిలో ఇంగ్లీషువాళ్లు ఒక్కో పడుగు పోగును ఒక ‘ఎండ్’ అనీ, ఒక్కో పేక పోగును ఒక ‘పిక్’ అనీ అంటారు. ‘అంగుళానికి ఇన్ని పడుగు పోగులు’ అని మార్చి ఇచ్చాక ఆయన అడగవలసిన ప్రశ్న ఇంకేమీ మిగలలేదు. వృత్తికి సంబంధించిన కాగితమైతే ఆ వృత్తివారిని అడగకుండా ‘ఎండ్’ను ముట్టుకోవద్దు.

రాశాక తిప్పి చూసుకోండి

మీరు రాసిన వాక్యాన్ని మరునాడు తీసి, మూలం చూడకుండా మళ్లీ రెండో భాషలోకి నోటితో చెప్పుకోండి. ‘గడువు తీరింది’ అని రాసి ఉంటే మీ నోట ‘ఎక్స్‌పైర్డ్’ వస్తుంది. ‘ముగింపు’ అని రాసి ఉంటే ఏ మాట వస్తుందో మీకే తెలియదు, అక్కడ దిద్దాలని అర్థం. ఒకే కాగితంలో ఇంగ్లీషు వారు రెండు వేర్వేరు మాటలు వాడి ఉంటే, మీరూ తప్పనిసరిగా రెండు వేర్వేరు మాటలే వాడండి. కథలూ వ్యాసాలూ అయితే ఒకే మాట మళ్లీ మళ్లీ రాకూడదని మార్చుకుంటూ పోవచ్చు. ఒప్పందంలో ఆ సరదా పనికిరాదు, మొదటి పేజీలో ‘రద్దు’ అన్నదాన్ని నాలుగో పేజీలోనూ ‘రద్దు’ అనే అనాలి.

ఒప్పంద పత్రం అయితే ఇంకొక్క పని మిగులుతుంది. సంతకాలకు ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి తెలుగు ప్రతిని చదివి వినిపించండి. ఆపైన అడ్వాన్సు ఎప్పుడు మొత్తం వస్తుందో, ఎప్పుడు తగ్గించి వస్తుందో కాగితం చూడకుండా ఎవరి మాటల్లో వారిని చెప్పమనండి. ఇద్దరి మాటా ఒకటే అయితే పెన్ను చేతికివ్వండి.